బొంత: రాష్ట్రేతర తెలుగువారి ఇళ్ళలో ఒక చేతిపని చరిత్ర

రాష్ట్రేతర తెలుగువారి చరిత్రను గురించి ఇంతవరకు వచ్చిన రచనలను పరిశీలిస్తే, వాటిలో రాజులు, దండనాయకులు, కవులు, వాగ్గేయకారులు, దేవాలయాలు, శాసనాలు ప్రముఖంగా కనిపిస్తాయి. తంజావూరు, మధుర నాయకరాజుల యుగాన్ని గురించి మనకు విస్తారమైన సాహిత్యం ఉంది. వృత్తికళాకారులను గురించి కూడా కొంత కృషి జరిగింది. కాని ఇంటి ఆడవారు ఇంటి అవసరాల కోసం చేసుకొన్న చేతిపనులను చరిత్రకు ఆధారంగా స్వీకరించిన సందర్భాలు అరుదు. ఈ వ్యాసంలో అటువంటి ఒక చేతిపనిని, అంటే పాతచీరలతో కుట్టే బొంతను తీసుకొని, అది మన ప్రజల వలసలను గురించి, బతుకును గురించి ఏమి చెబుతుందో పరిశీలించడానికి ప్రయత్నిస్తాం.

‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెత తెలియని తెలుగువారు లేరు. సరిజోడు అని చెప్పడానికి, అందులోనూ కాస్త ఎగతాళిగా చెప్పడానికి, దీన్ని వాడతాం. ఆ ఎగతాళిలోనే బొంతకు సమాజం ఇచ్చిన స్థానం తెలుస్తున్నది. పట్టుచీర పెట్టెలో ఉంటుంది. బొంత అటకమీదో దండెంమీదో ఉంటుంది. అయినా పసిబిడ్డను పొత్తిళ్ళలో చుట్టి మొదట పడుకోబెట్టేది దానిమీదనే.

సంస్కృతంలో ‘కంథ’ అన్న మాట అతుకుల బట్టకు చాలా ప్రాచీనమైనది. బెంగాలులో కాంథా ఆ మాట నుంచి వచ్చిందే. మరాఠీలో దీన్ని గోధడి అంటారు, ఉత్తర కర్ణాటకంలో కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలు గల సిద్దీ స్త్రీలు కుట్టేదాన్ని కవంది అంటారు. వారు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకొంటూ నడుమకు చేరతారు. నాలుగు మూలల్లో మడిచిన గుడ్డ త్రికోణాలు పెట్టి వాటిని పూలు అంటారు. ఈ పేర్లన్నీ చూస్తే ఒక సంగతి స్పష్టం. బొంత తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. దక్కను అంతటా పేదయింటి ఆడవారు దీన్ని కుట్టుకొన్నారు. కనుక మనం వెతకవలసింది దాని మీద హక్కును కాదు, దానిలో మన వారి జీవితం ఎట్లా కలిసి ఉన్నదో చూడాలి.

ముందుగా పని పద్ధతిని చెప్పుకోవాలి. పాతచీరలను ఉతికి ఆరవేసి, చిరుగులు లేని భాగాన్ని పైకి వచ్చేటట్లు పరుస్తారు. లోపల చిరిగిన పంచెలు, రవికల ముక్కలు, పిల్లల అంగీల గుడ్డలు సమంగా సర్దుతారు. పైన మరొక చీర కప్పి, ముందు దూరం దూరంగా పెద్ద కుట్లు వేసి పొరలు కదలకుండా నిలుపుతారు. ఆ తరువాత దగ్గరి వరుసలు మొదలవుతాయి. మందం తక్కువైతే సూది చాలు, మందం ఎక్కువైతే దబ్బనం కావాలి. దారం కొనవలసిన పని లేదు. పాతచీర అంచునుంచి పోగులు లాగి పేనుకోవచ్చు. నేతగాళ్ళ ఇళ్ళలోనైతే మగ్గం మీద మిగిలిన నూలు కొసలు ఉండనే ఉంటాయి.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. తొమ్మిది గజాల చీర సుమారు 8.2 మీటర్లు. దాన్ని నాలుగు మడతలు వేస్తే దాదాపు 2 మీటర్ల పొడవు వస్తుంది, అంటే మనిషి పడుకొనే నిడివి. ఒక్క చీరలో నాలుగు పొరలు దొరుకుతాయి. ఆరు గజాల చీర సుమారు 5.5 మీటర్లు. అదే పనికి మూడు మడతలే వస్తాయి, నిడివి కూడా తగ్గుతుంది. ముసలివారి చీరలే బొంతకు మంచివని మన ఇళ్ళలో అనడానికి నూలు మెత్తబడటం ఒక కారణమైతే, చీర నిడివి మరొక కారణం కావచ్చు. శ్రమ సంగతి కూడా చూద్దాం. 2 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు గల బొంతలో 1.25 సెంటీమీటర్ల ఎడంతో పొడవునా వరుసలు వేస్తే 88 వరుసలు అవుతాయి. అంటే 176 మీటర్ల కుట్టు. ఇంటిపని, కూలిపని తీరిన తరువాత మిగిలిన పొద్దులో ఇది జరిగింది. ఏ లెక్కల పుస్తకంలోనూ ఈ శ్రమకు పద్దు లేదు.

పద్దు ఎందుకు లేదో ఆలోచించవలసి ఉంది. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథం దక్షిణదేశపు కులాలను, తెగలను అక్షరక్రమంలో వర్ణించింది. దేవాంగులకు, సాలెలకు అందులో చోటు దొరికింది. వృత్తి ఉన్నవారికి పేరు ఉంది, పేరు ఉన్నవారికి పుట ఉంది. ఇంట్లో కుట్టే బొంత ఏ కులానికీ వృత్తి కాదు. దాన్ని అన్ని కులాల ఆడవారూ కుట్టారు. అందరి పని కావడం వల్లనే అది ఎవరి ఖాతాలోకీ ఎక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ దృష్టి పెద్దగా మారలేదు. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం 2003లో అమలులోకి వచ్చింది. షోలాపూరు చద్దరుకు, బ్రహ్మపురం పట్టుకు ఆ గుర్తింపు లభించింది. ఈ రెండింటి వెనుకా తెలుగు మూలాలు గల నేతపనివారి చేయి ఉన్నదన్నది మనకు సంతోషం కలిగించే విషయమే. కాని ఆ చట్టం అంగడికెక్కిన వస్తువును రక్షించడానికి చేసినది. బళ్ళారి జిల్లా సండూరులో లంబాడీ స్త్రీల కుట్టుపని ఇంటి నుంచి అంగడికి వచ్చిన తరువాతనే 2010లో గుర్తింపు పొందింది. అది ఆ స్త్రీలకు జీవనోపాధి అయింది కనుక మంచిదే. అమ్మకానికి రాని పనికి మాత్రం చరిత్ర రాసేవారే దిక్కు.

ఇప్పుడు షోలాపూరును తీసుకొందాం. అక్కడ 1877లో మొదటి నూలు మిల్లు నడవడం మొదలైంది. పూర్వపు హైదరాబాదు రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా అక్కడికి వెళ్ళి, మగ్గాల మీద, మిల్లులలో, తరువాత మరమగ్గాల మీద పనిచేశారు. ఆడవారు తునికాకుతో బీడీలు చుట్టారు. ముంబయిలో కామాఠీపుర అన్న పేరే మన ప్రాంతం నుంచి కట్టడపు పనులకు వెళ్ళిన కామాఠీల వల్ల వచ్చింది. ఇట్లా వెళ్ళిన కుటుంబాలు ఇరుకు గదులలో కాపురాలు పెట్టాయి. బొంత అటువంటి బతుకుకు తగిన వస్తువు. పగలు మడిచి మూల పెట్టవచ్చు, రాత్రి పరుపు చేసుకోవచ్చు. ఊరు మారితే మూటకట్టే గుడ్డ కూడా అదే. 1982 జనవరి 18న మొదలైన ముంబయి బట్టల మిల్లుల సమ్మె తరువాత ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. అటువంటి తరలింపులలో ఏ సామాను అమ్ముడుపోయిందో చెప్పలేం గాని, అమ్మినా కొనేవారు లేని బొంత మాత్రం మనుషులతోపాటే వెళ్ళి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

షోలాపూరు చద్దరుకూ బొంతకూ ఉన్న సంబంధం గమనించదగినది. చద్దరు జకార్డు మగ్గం మీద పూలు తేల్చి అమ్మకానికి నేసినది. బొంత నేత ముగిసిన తరువాత మిగిలిన దానితో కుట్టినది. ఒకటి వేతనాన్ని తెచ్చింది, మరొకటి ఆ వేతనం చాలని చోట ఆదుకొంది. నేతగాని కుటుంబచరిత్రను పూర్తిగా తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయితే రాష్ట్రేతర తెలుగువారందరూ వలస వెళ్ళినవారు కారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు, మద్రాసు రాజధానిలో ఉన్న బ్రహ్మపురం అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఇక్కడి మనుషులు కదలలేదు, సరిహద్దు కదిలింది. బడి భాష మారింది, కచేరీ భాష మారింది. ఇంటిలో దుప్పటి మడిచే మాట, సూదిలో దారం ఎక్కించే మాట అంత తొందరగా మారలేదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్నా, చుట్టూ ఉన్న తెలుగు పల్లెల తీరే దానిదీను. అక్కడ చలి తక్కువ, తాటిచెట్టు ఎక్కువ. అందువల్ల ఇంటి చేతిపనిలో తాటాకు చాపకు, బుట్టకు, విసనకర్రకు ఉన్న స్థానం దక్కను పీఠభూమిలో బొంతకు ఉంది. ఇంటి చేతిపని నేలను బట్టి మారుతుందనడానికి ఇది నిదర్శనం.

మన పీఠం చేపట్టిన పరిశోధనకు బొంత ఎందుకు అవసరమో ఇప్పుడు చెప్పవచ్చు. మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా బడులలో చదువుకొన్న పిల్లలకు తెలుగు మాట ఉన్నా తెలుగు లిపి రాకపోవడం మనం తరచు చూస్తున్నదే. లిపి పోయిన తరువాత భాష ప్రధానంగా ఇంటి పనులను ఆశ్రయించి బతుకుతుంది. వంట, పురుడు, పండుగ, కుట్టు, ఇవి దాని చివరి చావడులు. అమ్మమ్మ పక్కన కూర్చుని పొరలు సర్దిన పిల్లకు కొంగు, అంచు, పోగు, కుట్టు, మడత, అతుకు వంటి మాటలు ఏ వాచకమూ లేకుండానే వచ్చాయి. ఆ పని ఆగిపోతే ఆ మాటలకు పని ఉండదు.

పని ఆగిపోవడానికి కారణాలు తెలిసినవే. కృత్రిమ నూలు చీరలు వాడుకలోకి వచ్చిన తరువాత బొంతకు పనికివచ్చే పాతబట్ట తగ్గింది. పాలియెస్టరు చెమట పీల్చదు, పొరలు జారుతాయి, ఒంటికి మెత్తగా ఉండదు. చవక కంబళ్ళు అంగడిలో దొరుకుతున్నాయి. కుట్టే తీరిక కూడా లేదు. దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. 176 మీటర్ల కుట్టు నుంచి ఆడవారికి విముక్తి కలిగితే దుఃఖించవలసింది లేదు. దుఃఖించవలసింది ఆ శ్రమ గుర్తు లేకుండా పోవడానికే.

బొంతకు మరొక ఇబ్బంది ఉంది. శాసనం రాయి కనుక నిలిచింది, తాళపత్రం భద్రపరిస్తే నిలిచింది. బొంత వాడకంలోనే అరిగిపోతుంది. చిరిగితే మరో బొంతలో లోపలి పొర అవుతుంది, చివరకు మసిగుడ్డ అవుతుంది. కనుక దాని చరిత్రకు మిగిలిన ప్రధాన ఆధారం కుట్టినవారి జ్ఞాపకమే. ఆ తరం వారు ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు.

అందువల్ల ఈ సంచికను చదివే మిత్రులను మేం కోరేది ఒకటే. మీ ఇంట్లోగాని మీ వాడలోగాని బొంత ఉంటే దాని పొడవు, వెడల్పు, పొరల సంఖ్య రాసి ఉంచండి. కుట్టినవారు ఉంటే అది ఎవరెవరి చీరలో, ఏ కాలంలో కుట్టారో, కుట్టుకు, వరుసకు, మూలకు వారు ఏ మాట వాడతారో అడిగి, వారి ఉచ్చారణలోనే నమోదు చేయండి. ఆ మాట మరాఠీదో కన్నడందో అయినా తెలుగు చేయవద్దు. పక్కింటివారి గోధడి నుంచి, కౌది నుంచి నేర్చుకొన్నది ఉంటే అదీ చరిత్రే. రాజుల పేర్లు శాసనాల మీద ఉన్నాయి. కుట్టినవారి పేర్లు మనం రాస్తేనే ఉంటాయి.