బస్తర్ రంగులు ఎక్కడ ఖాయమవుతాయి? రా ఫుటేజీ ఇంపోర్ట్ సెట్టింగ్‌లపై వివరణ

వానాకాలంలో చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి ఎర్రమట్టి రంగులో దూకుతుంది. చలికాలం వచ్చేసరికి అదే జలపాతం తెల్లటి ధారలుగా సన్నబడుతుంది. జూలైలో తీసిన రా ఫుటేజీని కంప్యూటర్‌లో తెరిచి, నీళ్లు తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ జరిపామనుకోండి. అర నిమిషంలో జూలై కాస్తా డిసెంబర్ అయిపోతుంది. ఫైల్ చెక్కుచెదరలేదు, సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా చేయలేదు. కానీ చూసేవారికి అందేది ఆ నది కాదు.

బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో సుక్మా, బీజాపూర్ తెలుగు రాష్ట్రాలను ఆనుకునే ఉన్నాయి. కోంటా వైపు నుంచి, విశాఖ నుంచి కొత్తవలస-కిరందుల్ రైలు మార్గంలో జగదల్‌పూర్‌కు చేరి డాక్యుమెంటరీ తీయాలనుకునే చిన్న బృందాలకు ఇప్పుడు రా ఫార్మాట్‌లో రికార్డు చేసే కెమెరాలు అందుబాటులో ఉన్నాయి. కెమెరా గురించి పెట్టే శ్రద్ధ, ఆ ఫుటేజీని కంప్యూటర్‌లోకి తెచ్చుకునేటప్పుడు తరచూ ఉండదు. నేల, అడవి, మనిషి ఒంటి రంగు చాలావరకు అక్కడే ఖాయమవుతాయి. బ్లాక్‌మేజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె, డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ సెట్టింగ్‌లను ఒక్కొక్కటిగా చూద్దాం.

రా అంటే ఇంకా బొమ్మ కాదు

సెన్సర్ మీది ఒక్కో బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒకదాన్నే కొలుస్తుంది. సగం బిందువులు ఆకుపచ్చవి, మిగతా సగాన్ని ఎరుపు, నీలం పంచుకుంటాయి. మిగిలిన రెండు రంగులను పక్క బిందువుల నుంచి లెక్కగట్టి నింపడాన్ని డీబేయరింగ్ అంటారు. మామూలు వీడియోలో ఈ పని కెమెరాలోనే పూర్తవుతుంది. రా ఫుటేజీలో అంతా గానీ, ఎక్కువ భాగం గానీ సాఫ్ట్‌వేర్‌కు మిగులుతుంది. షూటింగ్‌లో పెట్టిన వైట్ బ్యాలెన్స్ వంటివి ఫైల్ వెంట ఒక సూచనగా, అంటే మెటాడేటాగా మాత్రమే వస్తాయి. ఆ సూచనను పాటించవచ్చు, పక్కన పెట్టవచ్చు.

ఫిల్మ్ రోజుల్లో ఈ వెసులుబాటు ఇంతగా లేదు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ నారాయణపూర్ దగ్గరి గఢ్ బెంగాల్‌కు చెందిన మురియా బాలుడు చెండ్రూను, అతని పులినేస్తాన్ని చూపిస్తూ తీసిన ‘ఎన్ జంగిల్‌సాగా’ 1957లో విడుదలైంది. ఆ కాలంలో పగటి వెలుగుకు ఒక రకం, బల్బుల వెలుగుకు మరో రకం కలర్ ఫిల్మ్ ఉండేది. ఏది వాడాలన్నది షూటింగ్‌కు ముందే తేల్చుకోవాలి. రా ఆ నిర్ణయాన్ని షూటింగ్ తర్వాతికి జరిపింది. అందుకే అది ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా తీసుకున్నారన్న ప్రశ్న ఇప్పుడు ముఖ్యమైంది.

సెట్టింగ్‌ల కంటే ముందు కాపీ

4096×2160 సైజులో 12 బిట్ల రా ఫ్రేమ్ కుదించకుండా ఉంచితే దాదాపు 13 ఎంబీ. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటకు సుమారు 1.15 టీబీ అవుతుంది. బ్లాక్‌మేజిక్ రాలో 5:1 కుదింపు ఎంచుకుంటే గంటకు దాదాపు 230 జీబీ, 12:1 అయితే 96 జీబీ దగ్గర ఉంటుంది. కరెంటు, నెట్ నమ్మకంగా లేని చోట క్లౌడ్‌కు పంపే మాట ఉండదు. రెండు వేర్వేరు డ్రైవ్‌లలోకి కాపీ చేసి, సరిచూసుకున్నాకే కార్డు ఖాళీ చేయాలి.

ఫైళ్లను మౌస్‌తో లాగి వేస్తే మధ్యలో ఒకటి పాడైనా తెలియకపోవచ్చు. రిజాల్వ్ మీడియా పేజీలోని క్లోన్ టూల్ చెక్‌సమ్‌తో అసలును, నకలును పోల్చి చూస్తుంది. ఫోల్డర్ల అమరికను కదపకూడదు. రెడ్ కెమెరాల ఆర్3డీ క్లిప్ పొడవైనదైతే కొన్ని భాగాలుగా విడిపోయి ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది, అందులో ఒక్క భాగం తప్పిపోయినా షాట్ తెగుతుంది. పాకెట్ 4కె 2018లో వచ్చినప్పుడు సినిమా డీఎన్‌జీలో రికార్డు చేసేది. 2019 అప్‌డేట్‌తో దాని స్థానంలోకి బ్లాక్‌మేజిక్ రా వచ్చింది. సినిమా డీఎన్‌జీలో ప్రతి ఫ్రేమూ ఒక ఫైలే కాబట్టి, పది నిమిషాల షాట్ అంటే 24 ఫ్రేముల లెక్కన 14,400 ఫైళ్లు. పాత డ్రైవ్‌లు తిరిగి తెరిచేవారు ఈ లెక్క సరిచూసుకోవాలి.

దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. బస్తర్‌లో తీసిన దృశ్యం ఎప్పుడైనా కోర్టు ముందుకు రావచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. దాని నమూనాలో హ్యాష్ విలువ రాసే చోటు కూడా ఉంది. కార్డు నుంచి దించిన రోజే హ్యాష్ తీసి భద్రపరిస్తే, ఫైల్ ఆనాటి నుంచి మారలేదని తర్వాత చూపించే వీలుంటుంది. ఆ పని ఆలస్యమయ్యేకొద్దీ ఆ మాటకు బలం తగ్గుతుంది.

ఫ్రేమ్ రేట్

కొత్త ప్రాజెక్ట్‌లో మొదటి క్లిప్ వేయకముందే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ ఖాయం చేసుకోవాలి. మీడియా పూల్‌లో క్లిప్‌లు చేరాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్‌ను రిజాల్వ్ మార్చనివ్వదు. 25లో షూట్ చేసిన ఫుటేజీకి 24 ప్రాజెక్ట్ తెరిచి, ఎడిటింగ్ సగం అయ్యాక గమనిస్తే చాలా పని తిరిగి చేయాల్సి రావచ్చు.

అన్నిటికంటే కీలకం: ‘డీకోడ్ యూజింగ్’

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని కెమెరా రా విభాగంలో ముందుగా ఫార్మాట్‌ను ఎంచుకోవాలి. ఆ కిందనే ‘డీకోడ్ యూజింగ్’ కనిపిస్తుంది. ‘కెమెరా మెటాడేటా’ పెడితే ప్రతి క్లిప్ షూటింగ్‌లో ఉన్న సెట్టింగ్‌తోనే తెరుచుకుంటుంది. ‘ప్రాజెక్ట్’ పెడితే అన్ని క్లిప్‌లకూ మనమిచ్చిన ఒకే విలువలు వర్తిస్తాయి. కలర్ పేజీలో ‘క్లిప్’ అని పెట్టి ఒక్కోదాన్ని విడిగా మార్చుకోవచ్చు.

ఫీల్డ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను జాగ్రత్తగా పెట్టి ఉంటే ‘కెమెరా మెటాడేటా’తో మొదలుపెట్టడమే మంచిది. కెమెరాను ఆటోలో వదిలేసినా, ఇద్దరు కెమెరామెన్ రెండు రకాలుగా తీసినా ‘ప్రాజెక్ట్’ ద్వారా అన్నిటినీ ఒకే గీత మీదికి తెచ్చి, అక్కడి నుంచి క్లిప్‌వారీగా సర్దాలి. ఏది ఎంచుకున్నా బృందంలోని అన్ని కంప్యూటర్లలో అదే ఉండాలి. జగదల్‌పూర్‌లో లాప్‌టాప్ ఒక రకంగా, హైదరాబాద్ ఎడిట్ గది మరో రకంగా డీకోడ్ చేస్తే, ‘ఆ షాట్ బాగుంది’ అని ఫోన్లో మాట్లాడుకునే ఇద్దరూ చూస్తున్నది వేర్వేరు షాట్లు.

క్లిప్ స్థాయిలో చేసిన మార్పులను బ్లాక్‌మేజిక్ రా పక్కనే ఒక చిన్న సైడ్‌కార్ ఫైల్‌గా రాసుకోగలదు. దాన్ని తొలగిస్తే కెమెరా నాటి సెట్టింగ్ తిరిగొస్తుంది. డ్రైవ్ వేరొకరికి ఇచ్చేటప్పుడు సైడ్‌కార్ ఫైళ్లు కూడా వెళ్లాయో లేదో చూడాలి. అవి వెళ్లకపోతే అవతలివారికి మీ సర్దుబాట్లేవీ కనిపించవు.

వైట్ బ్యాలెన్స్, టింట్: అడవి, నది, నిప్పు

నడి మధ్యాహ్నపు ఎండ సుమారు 5600 కెల్విన్. సాల చెట్ల కిందికి వచ్చేసరికి వెలుగు ఆకుల్లోంచి వడకట్టుకుని దిగి, ముఖాల మీద పచ్చదనం వాలుతుంది. దీన్ని కెల్విన్ స్లైడర్‌తో సరిచేయబోతే ముఖం పసుపుకో నీలానికో తిరుగుతుంది గానీ పచ్చదనం పోదు. పచ్చ, మెజెంటాల మధ్య తూకం చూసేది టింట్. దాన్ని మెజెంటా వైపు కొద్దిగా జరపాలి. మరీ జరిపితే అడవి వాడిపోయినట్టవుతుంది. ముఖం సహజంగా కనిపించి, చెట్టు కింద ఉన్నారన్న భావన పోకుండా ఉండే చోట ఆగాలి.

ఎర్రమట్టి నేల కూడా వెలుగును పైకి విసురుతుంది. ఎండలో నిలబడిన మనిషి గడ్డం కింద ఆ ఎరుపు కనిపిస్తుంది. అది కెమెరా తప్పు కాదు, ఆ చోటు లక్షణం. నిప్పు వెలుగు దాదాపు 2000 కెల్విన్ దగ్గర ఉంటుంది. దాన్ని తెల్లగా మార్చే ప్రయత్నం చేస్తే నెగడు చుట్టూ కూర్చున్నవారు ట్యూబ్‌లైట్ కింద ఉన్నట్టుంటారు. 3200 కెల్విన్ దగ్గర ఉంచితే నిప్పు నిప్పులాగే ఉంటుంది, ముఖాలూ పోల్చుకునేలా ఉంటాయి. 75 రోజుల బస్తర్ దసరాలో రాత్రి రథం లాగే దృశ్యాల్లో బల్బులు, ఎల్ఈడీలు, వాహనాల లైట్లు అన్నీ కలుస్తాయి. అక్కడ ఒక్క విలువతో అన్నీ కుదరవు. ఎవరి ముఖం ముఖ్యమో చూసి దానికి సరిచేసి, మిగతాది కలర్ గ్రేడింగ్‌కు వదలాలి.

చిత్రకోట్ సమస్యకు మందు చవకైనదే. వెలుగు మారిన ప్రతిసారీ షాట్ మొదట్లో రెండు సెకన్లు గ్రే కార్డును చూపితే చాలు. వైట్ బ్యాలెన్స్‌ను దాని మీద సరిచేస్తే నీరు ఎర్రగా ఉంటే ఎర్రగా, తెల్లగా ఉంటే తెల్లగా వస్తుంది. నీళ్లు తెల్లగా ఉండాలన్న మన ఊహతో పని ఉండదు.

ఐఎస్ఓ: మార్చగలిగేది, మార్చలేనిది

రాలో ఐఎస్ఓను తర్వాత మార్చుకోవచ్చన్న మాట సగమే నిజం. పాకెట్ 4కెకు 400, 3200 అని రెండు సహజ ఐఎస్ఓలు ఉన్నాయి. 100 నుంచి 1000 వరకు మొదటిదాని కిందికి, 1250 నుంచి 25,600 వరకు రెండోదాని కిందికి వస్తాయి. ఇంపోర్ట్ అయ్యాక ఒక పరిధి లోపల అటూ ఇటూ జరగవచ్చు, ఒకదాని నుంచి మరొకదానికి దాటలేం. సెన్సర్ సంకేతాన్ని పెంచే పని షూటింగ్‌లోనే జరిగిపోయింది మరి. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ వంటి చీకటి చోట 1000లో తీస్తే దాన్ని ఇంటికొచ్చి సరిదిద్దలేం. అక్కడ 1250కి మారి ఉంటే నాయిస్ తక్కువగా ఉండేది.

పరిధి లోపలి మార్పుకు ఎక్కువ అవసరం మనుషుల ముఖాల దగ్గరే వస్తుంది. నల్లటి మేనిఛాయ ఉన్న మనిషిని వెలిగే ఆకాశం ముందు నిలబెట్టి, ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెడితే ముఖం నీడ ముద్దగా మారుతుంది. బస్తర్ మనుషులను తెర మీద గుంపుగా, నీడలుగా చూసీచూసీ అలవాటైపోయిన మనకు అది తప్పుగా కూడా తోచదు. ఇంపోర్ట్‌లో ఎక్స్‌పోజర్‌ను, ఐఎస్ఓను ముందు ముఖానికి సరిచేయాలి. కళ్లు, నుదుటి గీతలు కనిపించాలి. అందుకు ఆకాశం కొంత తెల్లబడినా ఫర్వాలేదు.

ఆకాశం మరీ కాలిపోతే ‘హైలైట్ రికవరీ’ ఉంది. ఒకటి రెండు రంగులు హద్దు దాటినచోట మిగిలిన రంగు ఆధారంగా ఇది వివరాన్ని ఊహించి నింపుతుంది. మబ్బుల మీద బాగా పనిచేస్తుంది. ఎండలో మెరిసే నీటి మీద, కొండగావ్ ఢోక్రా లోహపు బొమ్మల మెరుపు మీద లేని రంగులు పుట్టించవచ్చు. ప్రాజెక్ట్ మొత్తానికీ పెట్టకుండా, అవసరమైన క్లిప్‌కే పెట్టి, పెద్దది చేసి చూసుకోవడం మేలు.

కలర్ స్పేస్, గామా, ఎల్‌యూటీ

గామాలో ‘బ్లాక్‌మేజిక్ డిజైన్ ఫిల్మ్’ ఎంచుకుంటే బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అది లోపం కాదు, వెలుగు నీడల వివరాలన్నీ దాచుకున్న తీరు. ‘వీడియో’ ఎంచుకుంటే వెంటనే అందంగా ఉంటుంది, తర్వాత సర్దుకునే జాగా తగ్గుతుంది. రెండు మూడు రకాల కెమెరాలు కలిసిన ప్రాజెక్ట్ అయితే రిజాల్వ్ కలర్ మేనేజ్‌మెంట్ వాడటం సులువు. రా క్లిప్ ఏ కెమెరాదో అదే గుర్తించి ఒకే కలర్ స్పేస్‌లోకి తెస్తుంది. రెడ్ ఫుటేజీకి విడిగా సెట్టింగ్ ఇవ్వాల్సి వస్తే రెడ్‌వైడ్‌గామట్‌ఆర్‌జీబీ, లాగ్3జీ10 జంటగా ఎంచుకోవాలి.

‘అప్లై ఎల్‌యూటీ’ దగ్గర జాగ్రత్త అవసరం. షూటింగ్‌లో మానిటర్ కోసం పెట్టుకున్న ఎల్‌యూటీ బ్లాక్‌మేజిక్ రా ఫైల్‌లోనే వచ్చి ఉండవచ్చు. అది ఆన్‌లో ఉందని తెలియక దాని మీద గ్రేడింగ్ చేస్తే రంగు రెండుసార్లు పడుతుంది. ‘సినిమాటిక్’ పేరుతో దొరికే ఎల్‌యూటీల్లో చాలావాటిది ఒకటే దారి, పచ్చను నీలానికి, మట్టిని నారింజకు తిప్పేస్తాయి. సాల అడవి, ఎర్రనేల ఉన్న ప్రాంతానికి ఇంతకంటే చెరుపు ఏముంటుంది?

డీకోడ్ క్వాలిటీ, ప్రాక్సీ

లాప్‌టాప్ తడబడితే డీకోడ్ క్వాలిటీని ‘హాఫ్’ లేదా ‘క్వార్టర్’కు తగ్గించి ఎడిట్ చేసుకోవచ్చు. ఫోకస్ సరిచూసేటప్పుడు, తుది రెండర్‌కు ‘ఫుల్’ పెట్టాలి. అప్పటికీ కుదరకపోతే ప్రాక్సీలు చేసుకోవాలి. ప్రాక్సీలో ఆ క్షణాన ఉన్న రంగే అచ్చుపడుతుంది కాబట్టి, పైన చెప్పిన సెట్టింగ్‌లన్నీ తేలాకే వాటిని తయారు చేయాలి. రంగు మీద తీర్పు ఎప్పుడూ అసలు రా మీదే.

ప్రాక్సీలతో మరో చిక్కుంది. అవి చిన్న ఫైళ్లు, ఫోన్ నుంచి ఫోన్‌కు తేలిగ్గా పోతాయి. భద్రతా బలగాల గురించో, మావోయిస్టుల గురించో మాట్లాడిన ఊరి మనిషి ముఖాన్ని తుది చిత్రంలో మసకబార్చినా, ప్రాక్సీలో అది స్పష్టంగానే ఉంటుంది. రీల్ పేరులో, క్లిప్ వివరాల్లో ఊరి పేరు, తేదీ కూడా ఉండవచ్చు. గుర్తింపు దాచాల్సిన క్లిప్‌లను ఇంపోర్ట్ రోజే విడి బిన్‌లో వేసి, వాటి ప్రాక్సీలను ఎవరికీ పంపకుండా, డ్రైవ్‌కు పాస్‌వర్డ్ రక్షణ పెట్టుకోవడం సెట్టింగ్‌లలో భాగంగానే చూడాలి.

ఒక పేజీ రాసి పెట్టుకోండి

రా ఫైల్ మారదు గానీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, కంప్యూటర్లు, మనుషులు మారుతూ ఉంటారు. అందుకే ప్రతి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంచాలి. అందులో కెమెరా, ఫార్మాట్, కుదింపు, ఫ్రేమ్ రేట్, ‘డీకోడ్ యూజింగ్’లో ఏది పెట్టారు, కలర్ స్పేస్, గామా, ఎల్‌యూటీ ఉందా లేదా, హ్యాష్‌లు ఎక్కడున్నాయి, గ్రే కార్డు ఏ షాట్లలో ఉంది అన్న వివరాలు ఉంటే సరిపోతుంది. పదేళ్ల తర్వాత అదే గ్రామం నుంచి ఎవరైనా వచ్చి తమ పెద్దలను తెర మీద చూడాలని అడిగితే, ఆ రోజు వాళ్లు ఎలా ఉన్నారో అలాగే చూపించడానికి ఈ ఒక్క పేజీ పనికొస్తుంది.