30,311 కోట్ల మాట

2008 జూలైలో హైదరాబాద్ మెట్రో రైలు ఆర్థిక బిడ్లు తెరిచారు. మెట్రో కట్టాలంటే ప్రభుత్వమే కాంట్రాక్టరుకు ఎదురు డబ్బు ఇవ్వాల్సి వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులవి. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కూటమి మాత్రం పైసా వద్దంది. వద్దనడంతో ఆగలేదు. 35 ఏళ్ల కాలంలో తానే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు కడతానని రాసిచ్చింది. నవభారత్ వెంచర్స్, థాయ్‌లాండ్ నిర్మాణ సంస్థ ఇటాలియన్-థాయ్, ముంబయికి చెందిన ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఆ కూటమిలో భాగస్వాములు.

ఆ అంకె వినగానే రాష్ట్రం పొంగిపోయింది. ఖజానాకు ఖర్చు లేకుండా రైలొస్తుంది, పైగా డబ్బూ వస్తుంది, తెచ్చేది మన తెలుగువాళ్లే. ఇంతకంటే ఏం కావాలి? ఏడాది తిరిగేసరికి ఆ కాంట్రాక్టు రద్దయింది. ఇంకొంత కాలానికి ఆ సంస్థ బోర్డు మీద పేరు కూడా మారిపోయింది. మేటాస్ సత్యం కంప్యూటర్స్ వాళ్ల ఇంటి సంస్థే కాబట్టి, ఈ కథను మనం ఎప్పుడూ సాఫ్ట్‌వేరు వైపు నుంచే చెప్పుకున్నాం. సిమెంటు, ఇనుము, మట్టి పనుల వైపు నుంచి ఒకసారి చెప్పుకోవాలి. ఆ వైపు కూలిన బతుకులకు మన దగ్గర సరైన స్మరణ లేదు.

భీమవరం దగ్గరి గరగపర్రు నుంచి వచ్చిన రైతు కుటుంబం మేటాస్ యజమానులది. ఆ ఇంటి రామలింగరాజు 1987లో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. మరుసటి ఏడాది సత్యం కన్‌స్ట్రక్షన్స్ పేరుతో నిర్మాణ సంస్థ పుట్టింది. సత్యం అన్న ఇంగ్లిషు అక్షరాలను వెనక నుంచి పేర్చి, తర్వాత దానికి మేటాస్ అని పేరు పెట్టారు. ఆయన పెద్దకొడుకు తేజ రాజు మేటాస్ ఇన్‌ఫ్రాను నడిపించారు. ఇళ్లు, టౌన్‌షిప్పులు కట్టే మేటాస్ ప్రాపర్టీస్ చిన్నకొడుకు రామరాజు చేతిలో ఉండేది. కాలవలు, రోడ్లు, భవనాలతో మొదలైన ఇన్‌ఫ్రా సంస్థ 2007లో షేరు 370 రూపాయల చొప్పున పబ్లిక్ ఇష్యూకు వెళ్లింది. అది మార్కెట్టు ఉరకలు వేస్తున్న కాలం. ఆ పేరు వెనక సత్యం ఉందన్న ధీమాతో జనం షేర్లు కొన్నారు.

ఆ తర్వాత పనుల మీద పనులు వచ్చాయి. 2008లో కర్ణాటకలో గుల్బర్గా, శివమొగ్గ విమానాశ్రయాలు మేటాస్ కూటమికి దక్కాయి. అదే ఏడాది బందరు పోర్టుకు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. అదీ మేటాస్ కూటమిదే. సెప్టెంబరులో మెట్రో ఒప్పందం. ఓడరేవు, విమానాశ్రయాలు, మహానగరపు రైలు, అన్నీ ఒక్క ఏడాదిలో, ఒక్క ఇంటి చేతిలోకి వచ్చాయి.

నిర్మాణ రంగంలో ఎదుగుదలకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. బట్టల కొట్లో చీర ముందు ఉంటుంది, అమ్మకం తర్వాత జరుగుతుంది. కాంట్రాక్టు వ్యాపారంలో అమ్మకమే ముందు. ఒక్క ఇటుకా పేర్చకముందే, ఒక్క పునాదీ తవ్వకముందే, రాబోయే పదేళ్ల ధరలను, కూలి రేట్లను, వడ్డీని, వానలను, భూసేకరణ తగాదాలను ఊహించి ఒక అంకె రాసి కవరులో పెడతారు. టెండరు గెలిస్తే ఆ మొత్తం ఆర్డర్ బుక్‌లోకి ఎక్కుతుంది. షేరు పెరుగుతుంది, బ్యాంకు మేనేజరు ఎదురొస్తాడు. కానీ ఆ పుస్తకంలో ఉన్నదంతా ఇంకా చేయని పని. అంటే ఇంకా తీర్చని బాకీ. ఆ బాకీని ఆస్తిగా లెక్కేసుకున్న రోజు నుంచి పతనం మొదలవుతుంది.

కొత్త పని దక్కితే, అది మొదలుపెట్టడానికి మొబిలైజేషన్ అడ్వాన్స్ వస్తుంది. పాత సైటులో రన్నింగ్ బిల్లు ఆగిపోయి ఉంటుంది, ఇనుము సప్లయరు గొంతు మీద కూర్చుని ఉంటాడు. కొత్త అడ్వాన్సు పాత బాకీకి పోతుంది. కొత్త పని మొదలుపెట్టాలంటే ఇంకో కొత్త పని గెలవాలి. గెలవాలంటే ఇంకా తక్కువకు కోట్ చేయాలి, లేదా ప్రభుత్వానికి ఇంకా ఎక్కువ ఆశ చూపాలి. బయటివాళ్లకు అది వృద్ధిగా కనిపిస్తుంది. సైటు ఆఫీసులో కూర్చున్న అకౌంటెంటుకు మాత్రం అసలు సంగతి తెలుసు. మన కాంట్రాక్టర్లలో ఎందరినో ముంచినది ఈ చక్రమే.

మెట్రో అంకె లెక్క ఇంకో రకం. టికెట్ల మీద అంత డబ్బు రాదు. ప్రపంచంలో టికెట్ల ఆదాయంతోనే కట్టుబడి ఖర్చు రాబట్టుకున్న మెట్రోలు అరుదు. ఆశంతా భూమి మీదే. డిపోలు, స్టేషన్ల దగ్గర ప్రభుత్వం ఇచ్చే రెండు వందల ఎకరాలకు పైగా స్థలంలో మాల్స్, ఆఫీసులు లేపి, వాటి అద్దెలతో రైలు నడిపి, మిగిలినది ఖజానాకు కట్టాలి. హైదరాబాద్ భూమి ధర ఎప్పటికీ పైకే పోతుందన్న నమ్మకం లేకపోతే ఆ లెక్క ఒక్క రోజు నిలబడదు.

అప్పుడే ఒక పెద్దాయన హెచ్చరించారు. ఢిల్లీ మెట్రో కట్టిన ఇ. శ్రీధరన్ 2008 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లువాలియాకు లేఖ రాశారు. మెట్రో పేరు మీద విలువైన ప్రభుత్వ భూమిని ప్రైవేటు సంస్థకు అప్పగించడం ఇంటి సొత్తు అమ్ముకోవడమేనని, ఇది ఏనాటికైనా పెద్ద కుంభకోణంగా బయటపడుతుందని ఆయన భయం. రాష్ట్ర ప్రభుత్వం ఆ మాట వినలేదు సరికదా, పరువు నష్టం దావా వేస్తామంది. ఆ నెల 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. 19న హైదరాబాద్‌లో మెట్రో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ప్రపంచమంతా అప్పు పుట్టడం ఆగిపోతున్న వారంలోనే, పన్నెండు వేల కోట్లకు పైబడిన పనిని అప్పు తెచ్చి కడతామని మనం సంబరంగా సంతకం చేశాం.

డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్ని, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కలిపి 160 కోట్ల డాలర్లకు కొంటామంది. సాఫ్ట్‌వేరు సంస్థకు భూములెందుకు, కాంట్రాక్టులెందుకు, అదీ యజమాని కొడుకుల కంపెనీలే ఎందుకు అని మదుపర్లు భగ్గుమన్నారు. న్యూయార్కులో సత్యం షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. గంటల్లోనే నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ తెరిచిన తలుపు మళ్లీ మూతపడలేదు.

2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. సత్యం పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు చూపించగా, అందులో 5,040 కోట్లు లేనే లేవని ఆయన ఒప్పుకున్నారు. చిన్నగా మొదలైన తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి, దిగితే మింగేసే పులి మీద సవారీ అయిందన్నారు. మేటాస్‌ను కొనడం, లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని చెప్పారు. ఆ ఒక్క వాక్యంతో మేటాస్ కథ మారిపోయింది. సైటుల్లో టోపీలు పెట్టుకుని పని చేస్తున్న వేలమంది అప్పటిదాకా తాము కాలవలు, రోడ్లు కడుతున్నామనుకున్నారు. వేరే ఎక్కడో తవ్వుకున్న గోతిని పూడ్చడానికి తమ సంస్థను దాచి ఉంచారని ఆ ఉదయం వాళ్లకు తెలిసింది.

మోసం మోసమే. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మరి తొమ్మిది మందిని దోషులుగా తేల్చి, ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. తర్వాతి నెలలో అప్పీలు మీద ఆ శిక్ష అమలు ఆగింది. ఆ విచారణ సంగతి చట్టం చూసుకుంటుంది. 108 అంబులెన్సును ఈ నేలకు తెచ్చిన చేతులే ఆ లెక్కలు రాశాయన్నది తెలుగువాళ్లకు నేటికీ మింగుడుపడని దుఃఖం.

నిర్మాణ సంస్థకు ప్రాణం నమ్మకం. బ్యాంకు గ్యారంటీ ఇస్తేనే టెండరు వేయగలదు. సిమెంటు అరువుకు వస్తేనే స్లాబు పడుతుంది. పేరు పోయిన రోజున ఈ రెండూ ఆగిపోతాయి. సత్యంకు ప్రపంచమంతటా ఖాతాదారులు, కోడు రాసే మనుషులు ఉన్నారు. కేంద్రం కొత్త బోర్డు వేసి, కొన్ని నెలల్లో దాన్ని టెక్ మహీంద్రా చేతిలో పెట్టి నిలబెట్టింది. సగం తవ్విన కాలవను, పిల్లర్లు లేచి ఆగిన భవనాన్ని అలా బతికించడం సాధ్యం కాదు. బాచుపల్లి దగ్గర మేటాస్ ప్రాపర్టీస్ వారి హిల్ కౌంటీలో ఇళ్లకు డబ్బు కట్టినవాళ్లు తాళంచెవుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 370 రూపాయలు పెట్టి షేరు కొన్నవాళ్ల చేతిలో కాగితం మిగిలింది. ఇలాంటి పతనాల్లో చివరి వరసలో నిలబడేది సబ్ కాంట్రాక్టరు, అతని వెనక మేస్త్రీ, ఆ మేస్త్రీ మాట నమ్మి ఊరు వదిలి వచ్చిన కూలీలు. వాళ్ల బాకీలకు లేఖలుండవు, విచారణ సంఘాలుండవు.

మెట్రోకు అప్పులు సమకూర్చే గడువులు దాటిపోయాయి. 2009 జూలైలో ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. మళ్లీ టెండర్లు పిలిచారు. 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది. అది ఖజానాకు ఎదురు కట్టలేదు. 1,458 కోట్ల సాయం అడిగి తీసుకుంది. మియాపూర్ నుంచి నాగోలు దాకా మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. అంత అనుభవం, అంత బలం ఉన్న సంస్థ కూడా మెట్రోలో నష్టాలు మోయలేక బయటపడే దారి వెతుక్కుంది. ఆనాటి 30,311 కోట్లు ఎంత ఒట్టి మాటో ఇంతకంటే నిరూపణ అక్కర్లేదు.

బందరు పోర్టు చేతులు మారింది. 2019లో ఒకసారి, 2023లో మరోసారి పనులకు మళ్లీ కొబ్బరికాయలు కొట్టారు. గుల్బర్గాలో విమానాలు 2019లో మొదలయ్యాయి. శివమొగ్గ విమానాశ్రయం 2023లో తెరుచుకుంది. రెండింటినీ చివరికి కర్ణాటక ప్రభుత్వమే పూర్తి చేయాల్సి వచ్చింది. ఒక అంకె విఫలమైతే కాంట్రాక్టరు ఒక్కడే పోడు. ఊరి వయసు కూడా పోతుంది. బందరులో 2008లో పోర్టు ఉద్యోగం కోసం ఎదురుచూసిన కుర్రాడు ఈపాటికి నడివయసు మనిషి.

ఇంకో దెబ్బ మిగిలి ఉంది. 2009లో కంపెనీ లా బోర్డు అనుమతితో మేటాస్ ఇన్‌ఫ్రా పగ్గాలు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతికి వెళ్లాయి. సంస్థ పేరు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఇంజనీరింగ్ అండ్ కన్‌స్ట్రక్షన్‌గా మారింది. మిగిలిన ఉద్యోగులు ఊపిరి పీల్చుకున్నారు. ఇంత పెద్ద అండ దొరికాక ఇక భయం లేదనుకున్నారు. 2018లో ఆ అండే కూలింది. పాతిక ముప్పై ఏళ్లకు గాని డబ్బు తిరిగిరాని రోడ్లు, సొరంగాలు, విద్యుత్ కేంద్రాలకు పొట్టి గడువు అప్పులు తెచ్చిన ఐఎల్ అండ్ ఎఫ్ఎస్, సుమారు 91,000 కోట్ల బాకీలతో చేతులెత్తేసింది. అక్టోబరు 1న కేంద్రం దాని బోర్డును తొలగించింది. ఒకే సైటులో ఒకే మనిషి పదేళ్లలో రెండుసార్లు అనాథ అయ్యాడు.

ఆ తరం హైదరాబాద్ కాంట్రాక్టు సంస్థల్లో కూలింది ఇదొక్కటే అయితే ఒక ఇంటి పాపం అని సరిపెట్టుకోవచ్చు. లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కొనేదాకా వెళ్లింది. 2018లో లిక్విడేషన్‌కు చేరింది. చెన్నై పక్కన మీంజూరులో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు కట్టిన ఐవీఆర్‌సీఎల్ మరుసటి ఏడాది అదే దారి పట్టింది. అంతకుముందే, 2016 మార్చి 31న, అది కోల్‌కతాలో కడుతున్న ఫ్లైఓవర్ కూలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ సంస్థల అంతం కూడా అలాంటిదే అయింది. చేతిలోని డబ్బు కంటే చేతిలోని పనులు వేగంగా పెరిగాయి.

వీళ్లకు పని రాదని నేనెప్పటికీ అనను. తెలుగు కాంట్రాక్టరుకు పని తెలుసు. నాగార్జునసాగర్ నాటి నుంచి పాలమూరు కూలీ చేతుల మీద, గోదావరి జిల్లాల మేస్త్రీల కంటి కొలత మీద లేచిన విద్య అది. దేశంలో కాలవ తవ్వినా, డ్యామ్ కట్టినా మన మాట వినబడేది. ఆ విద్యను మనం ఆర్డర్ బుక్ లావుతో కొలవడం మొదలుపెట్టాం. ఎన్ని వేల కోట్ల పనులు గెలిచాడన్నదే పత్రికల్లో పెద్ద అక్షరాలైంది. ఎన్ని పనులు వేళకు ముగించాడు, కూలీల బాకీ ఎంత తీర్చాడు అని అడిగినవాళ్లు లేరు. మెట్రో ఒప్పందాన్ని ప్రశ్నించిన శ్రీధరన్‌కు దావా బెదిరింపు దక్కింది.

అందుకే ఈ పతనంలో ఒక్క కుటుంబాన్ని నిలబెట్టి చేయి దులుపుకోవడం నాకు న్యాయంగా తోచదు. అసాధ్యమైన అంకె రాసినవాడి తప్పు పెద్దదే. దాన్ని నమ్మి సంతకం పెట్టిన ప్రభుత్వానిది, ఆర్డర్ బుక్ చూసి అప్పు ఇచ్చిన బ్యాంకుది, చప్పట్లు కొట్టిన మనదీ తప్పే. టెండరు కవరులో ఎవరు ఎక్కువ ఆశ చూపించారో చూసి పని అప్పగించే పద్ధతి ఉన్నంతకాలం, ఆశ చూపించేవాడే గెలుస్తాడు, నిజం చెప్పేవాడు ఇంటికి పోతాడు. బిడ్ తెరిచిన రోజున అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, రాకపోతే ఎవరు మోస్తారు? 2008 జూలైలో ఆ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే మెట్రో కొన్నేళ్లు ముందే వచ్చేది, ఒక మంచి నిర్మాణ సంస్థ చిన్నదిగానే అయినా బతికి ఉండేది, దాని సైటుల్లో కూలి బాకీ పడ్డ మనుషులకు వాళ్ల డబ్బు అందేది.