లిపి దాటిన మాట: అమీర్‌పేట, బంజారాహిల్స్, పంజాగుట్టల నేపథ్యంలో తెలుగు అంతర్జాల చరిత్ర

తెలుగు అంతర్జాల చరిత్రను సాధారణంగా లిపి చరిత్రగానే చెప్పుకోవడం పరిపాటి. ఫాంట్లు, కీబోర్డులు, యూనికోడ్, వికీపీడియా అన్న వరుసలో ఆ కథనం సాగుతుంది. ఆ వరుసలో దోషం లేదు. అయితే గత దశాబ్దంలో తెలుగు సమాజంలోనూ రాజకీయాల్లోనూ అంతర్జాలం తెచ్చిన మార్పును వివరించడానికి అది చాలదు. ఆ మార్పు రాతలో కన్న మాటలో ఎక్కువగా జరిగింది. దాని ఆనవాళ్లు హైదరాబాదు నడిబొడ్డున ఒకదానినొకటి ఆనుకొని ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట, బంజారాహిల్స్ ప్రాంతాల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

1990ల నుండి అమీర్‌పేట కంప్యూటరు శిక్షణకు పెట్టింది పేరు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో అంతస్తుకొక శిక్షణ సంస్థ, ఆ సందుల్లోనే వసతి గృహాలు, మెట్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రవాళ్లు అక్కడి నిత్యదృశ్యాలు. 2000 సంవత్సరపు తేదీ సమస్య కాలంలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్‌కు, ఆ తరువాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్‌లకు గిరాకీ పెరిగింది. రెండు రాష్ట్రాల జిల్లాల నుండి పట్టభద్రులు ఇక్కడికి తరలివచ్చారు. ఈ తరగతి గదుల భాషాస్వరూపం పరిశీలింపదగినది. పాఠం చెప్పేది ఇంగ్లీషు పారిభాషిక పదాలను తెలుగు క్రియలతో అతికిన మిశ్రభాషలో. నోటు పుస్తకంలోకి ఎక్కేది మాత్రం ఇంగ్లీషు. తెలుగు చెవికి చేరింది గాని తెరపైకి రాలేదు. తరువాతి రోజుల్లో నరేష్ ఐ.టి., దుర్గా సాఫ్ట్ వంటి సంస్థల పాఠాలు యూట్యూబులోకి ఎక్కినప్పుడు కూడా ఆ ఉచ్చారణ, ఆ తరగతి గది వాలకం చెక్కుచెదరలేదు. ఈ ప్రాంతపు తొలి అంతర్జాల సృష్టికర్తల జాబితా రాయవలసివస్తే అందులో ఈ ఉపాధ్యాయులకు చోటు ఇవ్వకతప్పదు. వినోదమే సృష్టి అన్న దురభిప్రాయం వల్ల వారు ఎవరి లెక్కలోకీ రాలేదు.

అదే కాలంలో తెలుగు లిపి వేరే దారిలో ప్రయాణించింది. 1990ల ఆరంభంలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకొనే వెసులుబాటు కల్పించింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటిలోనే తెలుగుకు స్థానం దక్కింది. కాని ఆచరణలో పత్రికకొక ఫాంటు, ఫాంటుకొక సంకేత పద్ధతి చాలాకాలం రాజ్యమేలాయి. ఒక పత్రిక పుటను మరొక యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేవి. 1998లో 'ఈమాట' అంతర్జాల పత్రిక మొదలైంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. వీటి సాహిత్య ప్రయోజనం గొప్పది. రాజకీయ ప్రభావం స్వల్పం. రాసినవారూ చదివినవారూ ప్రధానంగా చదువుకున్న ఉద్యోగులు, అందులోనూ ప్రవాసులు అధికం.

లిపి గడప దాటలేని జనం అంతర్జాలంలోకి ప్రవేశించడానికి రెండు భౌతిక కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక కావడం. రెండవది అంతగా చర్చకు రాని ప్రకటనల ఆర్థికం. తెలుగు పుటలకు గూగుల్ యాడ్‌సెన్స్ మద్దతు 2018లో గాని లభించలేదు. అప్పటికే తెలుగు వీడియోలకు ఆదాయం వస్తున్నది. అంటే తెలుగులో రాసినవానికి పైసా రాని రోజుల్లో తెలుగులో మాట్లాడినవానికి సంపాదన ఉంది. వాచిక సంస్కృతి పునరుజ్జీవనం అని ఘనంగా చెప్పుకొనే పరిణామం వెనుక ఈ లెక్క కూడా ఉన్నది.

ఆ మాట ఏ తెలుగు? ఇక్కడే తెలంగాణ భాషా చరిత్రతో ఈ విషయానికి ముడి పడుతుంది. తెలుగు సినిమా దశాబ్దాలపాటు తెలంగాణ మాండలికాన్ని ప్రతినాయకుని నోటనో హాస్యగాని నోటనో పలికించిందన్న విమర్శ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో బలంగా వినిపించింది. 2012లో ప్రారంభమైన వీ6 చానల్ 'తీన్మార్ వార్తలు' ఆ స్థితిని తలకిందులు చేసింది. డప్పు దరువు పేరు పెట్టుకొన్న ఈ కార్యక్రమంలో మల్లన్న, బిత్తిరి సత్తి, సావిత్రి పాత్రలు వార్తను రచ్చబండ ముచ్చటగా మార్చాయి. అదే 2012లో జగిత్యాల ప్రాంతపు లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' ప్రారంభించారు. బడి ముఖం చూడని వ్యవసాయ కూలీ గంగవ్వ ఆ వీడియోలతో లోకప్రసిద్ధురాలయ్యారు. 2020లో 'బిగ్ బాస్' నాలుగవ విడతకు ఆమె బంజారాహిల్స్‌లోని అన్నపూర్ణ స్టూడియోకు వచ్చి, ఆరోగ్యం సహకరించక కొద్ది వారాలకే వెనుదిరిగారు. చిత్ర పరిశ్రమ తన గడపలోకి ఆ యాసను నవ్వుల సరుకుగా గాక, దానికంటూ ప్రేక్షకులున్న గొంతుగా ఆహ్వానించవలసివచ్చింది.

ఈ గొంతు ఎన్నికల బరిలోకి దిగిన తీరు మరింత ఆసక్తికరం. తీన్మార్ మల్లన్నగా పేరొందిన చింతపండు నవీన్ చానల్ వదలి యూట్యూబులో 'క్యూ న్యూస్' నడిపారు. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల శాసనమండలి స్థానంలో స్వతంత్రునిగా పోటీచేసి ద్వితీయ స్థానంలో నిలిచారు. 2024 ఉపఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. గమనింపవలసింది ఆ నియోజకవర్గ స్వభావం. అక్కడ ఓటరు కావాలంటే డిగ్రీ ఉండాలి. యూట్యూబు మాట నిరక్షరాస్యుల మాధ్యమమన్న వాదం ఇక్కడ వీగిపోతుంది. ఆ మాటను విన్నవారిలో ఉద్యోగ ప్రకటనల కోసం శిక్షణ కేంద్రాల చుట్టూ తిరిగిన పట్టభద్రులున్నారు. 2023 శాసనసభ ఎన్నికల్లో కొల్లాపూర్ నుండి విజిల్ గుర్తుపై నిలిచిన కర్నె శిరీష ఉదంతం ఇదే చెబుతుంది. డిగ్రీలున్నా ఉద్యోగ ప్రకటన రాక బర్రెలు కొనుక్కున్నానని చెప్పిన చిన్న వీడియో ఆమెను 'బర్రెలక్క'ను చేసింది. పోలీసు కేసునూ తెచ్చింది. ఐదు వేల పైచిలుకు ఓట్లతో ఆమె ఓడినా, నిరుద్యోగం ఆ ఎన్నికల చర్చలో ఒక ముఖంతో, ఒక పేరుతో నిలిచింది.

ఈ సృష్టికర్తల వాక్శైలిలో ప్రధానమైన సాధనం బంధువాచక సంబోధన. అన్న, అక్క, తమ్ముడు, అవ్వ అనే పిలుపులు తెరకూ ప్రేక్షకునికీ మధ్య దూరాన్ని చెరిపివేస్తాయి. జానపద కళాకారులకు ఈ విద్య కొత్త కాదు. కాని ఆశ్రిత కులాల కళాకారునికి పోషక కులంతో కట్టుబాటు ఉండేది. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ హక్కు నిర్ణయించేది. మాట తప్పితే మరుసటి ఏడు ఆ ఊరిలో త్యాగం పుట్టదు. అంతర్జాల కళాకారునికి పిలుపు మిగిలింది, కట్టుబాటు పోయింది. అతని పోషకుడు ప్రేక్షకుడు కాడు. ప్రేక్షకునికి కనిపించని ప్రకటనదారు. ఆశ్రిత వ్యవస్థ కులపు సంకెళ్లతో కూడినదే, దాన్ని మెచ్చుకోనక్కరలేదు. అయినా జవాబుదారీ అన్నది అందులో ఏదో ఒక రూపంలో ఉన్నదన్న మాట కాదనలేనిది.

ఆ లోపం ఫలితం 2025 మార్చిలో పంజాగుట్ట పోలీసు ఠాణాలో కాగితం మీదికి వచ్చింది. బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై 11 మంది యూట్యూబర్లు, సామాజిక మాధ్యమ ప్రముఖులపై అక్కడ కేసు నమోదైంది. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్ట సవరణతో నిషేధించింది. ఎనిమిదేళ్లపాటు నిషిద్ధమైన సరుకు ఇంటింటికీ చేరడానికి అన్న, తమ్ముడు అన్న పిలుపులు కూడా దారి వేశాయన్నది ఈ ఉదంతంలోని సారం. ఆరోపణలు న్యాయస్థానంలో తేలవలసినవి. వ్యక్తుల నేరనిర్ణయం సాహిత్య చరిత్ర పని కాదు. భాషా చరిత్రకు సంబంధించిన ప్రశ్న వేరు. ఒక మాండలికం అవమానాన్ని దాటి విశ్వసనీయతను సంపాదించుకోవడానికి ఉద్యమాలు, పాటలు, ధూంధాంలు, దశాబ్దాలు పట్టాయి. ఆ విశ్వసనీయతలో కొంత భాగం, నిమిషం నిడివి వీడియోలో, అరువు సరుకుగా చేతులు మారింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. దాని దృష్టిలో ప్రకటన ఒక లావాదేవీ. ఆ లావాదేవీలో అమ్ముడుపోయిన పిలుపుకు మాత్రం చట్టంలో పేరు లేదు.