వేళ తప్పిన వీరులు

పారగన్ సిటీ 2004 ఏప్రిల్ నెలాఖరున వెలసింది. 2012 నవంబర్ 30 అర్ధరాత్రి కనుమరుగైంది. ఎనిమిదిన్నరేళ్ల ఆయుష్షు. పోయేనాటికి ఆ ఊళ్లో జనం ఉన్నారు, వీధుల్లో సందడి ఉంది, వచ్చే వారం ఎన్నింటికి కలుద్దామన్న మాట నడుస్తూనే ఉంది. మనుషులుండగానే మూసేసిన ఊరు అది.

‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆన్‌లైన్ ఆటలో తప్ప ఆ నగరం ఎక్కడా లేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఉన్నట్టు ఊహించారు. క్రిప్టిక్ స్టూడియోస్ తయారుచేసిన ఆ ఆటను కొరియాకు చెందిన ఎన్‌సీసాఫ్ట్ నడిపింది. నెలకు 15 డాలర్ల దాకా చందా కట్టి లోపలికి వెళ్లినవాళ్లు తమ వీరుణ్ని తామే మలుచుకునేవారు. ఏ తొడుగు, ఏ ముసుగు, ఎగరడమా, దూకడమా, నిప్పు విసరడమా, మంచు కురిపించడమా, అంతా వాళ్లిష్టం. చాలామంది మొదట అడుగుపెట్టేది అట్లాస్ పార్కులో. నగర భవనం ముందు భూగోళాన్ని మోస్తున్న వీరుడి భారీ విగ్రహం ఉండేది. ఎక్కడెక్కడివాళ్లో ఆ విగ్రహం కాళ్ల దగ్గరే ఒకరికొకరు పరిచయమయ్యారు. మంచి రోజుల్లో ఆటకు లక్షన్నరకు పైగా చందాదారులుండేవారు.

ఆ ఊరి కథను హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుకోవడానికి కారణం ఉంది. అదే కాలంలో అలాంటి కలయికే మన చైతన్యపురి సందుల్లో, కొత్తపేటలో, ఎల్బీ నగర్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో బతికింది. అదీ పోయింది. రెండింటి చావుకూ కారణాలు వేరు. పోగొట్టుకున్నది మాత్రం ఒక్కటే.

విజయవాడ రోడ్డు మీదుగా వచ్చేవాళ్లకు ఎల్బీ నగరే నగరానికి గడప. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, ఆ అవతల కోస్తా జిల్లాల నుంచి బస్సెక్కిన పిల్లలు పెట్టె, పరుపుచుట్ట పట్టుకుని దిగేది ఈ వైపే. గ్రూప్స్ కోసం ఒకరు, బ్యాంకు పరీక్షల కోసం ఒకరు, జావా నేర్చుకుని ఉద్యోగం కొట్టాలని ఇంకొకరు. హాస్టల్ గదికి నలుగురైదుగురు. చేతిలో సొంత కంప్యూటర్ లేని రోజులవి. రిజల్ట్ చూసుకోవడానికో, హాల్ టికెట్ ప్రింటు తీయించుకోవడానికో, గంటకు పదిహేనో ఇరవయ్యో ఇచ్చి నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లు పక్క సిస్టమ్ చూసి కౌంటర్ స్ట్రైక్ నేర్చుకున్నారు, డోటా నేర్చుకున్నారు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఊరు కాని ఊళ్లో, మాక్ టెస్టు మార్కులు తప్ప మరో మాట లేని వారంలో, ఒకరి పేరు మరొకరు గట్టిగా అరిచి పిలిచే గంట అదొక్కటే.

పదిమందిని ఆ గంటకు కూర్చోబెట్టడం ఆటకన్నా కష్టం. ఒకడికి ఆదివారం పరీక్ష. ఒకడి హాస్టల్ గేటు తొందరగా వేసేస్తారు. ఒకడు నెలాఖరుకు డబ్బుల్లేక మొహం చాటేస్తాడు. కరెంటు ఎప్పుడు తీస్తారో తెలిసుండాలి. ఇవన్నీ బుర్రలో పెట్టుకుని, ముందే వెళ్లి, “అన్నా, ఆరింటికి పది సిస్టమ్‌లు మాకు ఆపు” అని చెప్పి, రానివాడి గది తలుపు కొట్టి లాక్కొచ్చేవాడు ప్రతి జట్టుకూ ఒకడుండేవాడు. వాడు గొప్ప ఆటగాడై ఉండాలనేం లేదు. స్కోరు పట్టికలో చాలాసార్లు అడుగునే ఉండేవాడు. వాడు ఊరెళ్లిన వారం మాత్రం ఆట జరిగేది కాదు.

పారగన్ సిటీ కూడా అలాంటివాళ్ల మీదే నిలబడింది. అక్కడ జట్టంటే గరిష్ఠంగా 8 మంది. దెబ్బలన్నీ తన మీదికి లాక్కునే ట్యాంకర్, తోటివాళ్లను కాచే డిఫెండర్, దూరం నుంచి విరుచుకుపడే బ్లాస్టర్, శత్రువును కదలనివ్వని కంట్రోలర్, మీద పడి కొట్టే స్క్రాపర్. మొదట్లో వీరులు ఈ ఐదు తీరులే. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చాలి. ట్యాంకర్ రాకముందే తొందరపడి దూకిన బ్లాస్టర్ క్షణాల్లో కూలిపోయేవాడు. డిఫెండర్ రాని రాత్రి అందరికీ గాయాలే.

ఇలాంటి ఆటల్లో జట్లను విడదీసేది స్థాయిల తేడా. రోజూ ఆడేవాడు పైకి పోతాడు, వారానికొకసారి వచ్చేవాడు కిందే ఉంటాడు, చివరికి ఇద్దరికీ కలిసి ఆడే దారే ఉండదు. పారగన్ సిటీ ఆ గోడను మొదట్నుంచీ పడగొడుతూ వచ్చింది. ‘సైడ్‌కిక్’ పద్ధతిలో పైవాడు కొత్తవాణ్ని తన స్థాయి దగ్గరికి లేపుకునేవాడు. తర్వాత పైవాడే దిగివచ్చే వీలూ కల్పించారు. 2008లో ఇద్దరు స్నేహితులు ఒప్పందం పెట్టుకుంటే ఒకరి ఆట ఫలం ఇద్దరికీ సమంగా చేరే ఏర్పాటు వచ్చింది. 2009 నుంచి జట్టులో చేరగానే అందరి స్థాయీ దానంతటదే కుదురుకునేది. గంటల తరబడి సాగే ‘పొజిట్రాన్ టాస్క్ ఫోర్స్’ అనే జట్టు పోరును 2010లో రెండు భాగాలు చేశారు. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు, పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినవాళ్లు ఒక రాత్రికి ఒక భాగం ముగించి నిద్రపోగలిగారు. ఆట చేసినవాళ్లకు మనుషుల బతుకులు తెలుసనడానికి ఇంతకన్నా ఏం కావాలి!

అయితే ఏర్పాట్లు ఎన్నున్నా జట్టును బతికించింది వారం. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి గురువారం ఎలాంటిదో, ఆ జట్లకు తాము ఎంచుకున్న రోజు అలాంటిది. ఆ రోజుకోసమే ఒక్కో వీరుణ్ని ప్రత్యేకంగా సృష్టించుకుని, మిగతా రోజుల్లో వాణ్ని ముట్టకూడదని కట్టుబాటు పెట్టుకున్న జట్లుండేవి. అలా ఎవరూ ముందుకు పోరు, ఎవరూ వెనకబడరు. ఎనిమిది మందీ వచ్చేదాకా ఆగితే వచ్చిన ఐదుగురికీ విసుగు, ఆగకపోతే రావలసిన ముగ్గురికీ చిన్నతనం. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయల్దేరాలో నొప్పించకుండా తేల్చేవాడొకడు కావాలి. ఒకరిది ఒక తీరం, ఒకరిది ఇంకో తీరం. న్యూయార్క్‌లో రాత్రి 8 అయితే హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజామున 5.30. నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 6.30. ఈ లెక్కలన్నీ చూసుకుని, ఎవరి వేళ వాళ్లకు గుర్తుచేసి, అందరికన్నా ముందొచ్చి విగ్రహం దగ్గర నిలబడేవాడికి ఆటలో ఏ బిరుదూ లేదు, ఏ శక్తీ అదనంగా దక్కలేదు.

పతనానికి ముందు రోజులు బాగానే కనిపించాయి. 2007 నవంబర్‌లో ఎన్‌సీసాఫ్ట్ ఆటను క్రిప్టిక్ నుంచి పూర్తిగా కొనేసింది. దాన్ని చూసుకునే బృందం పారగన్ స్టూడియోస్ పేరుతో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో పనిచేసింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్లకు కొత్తచోటేం కాదు. 2011 సెప్టెంబర్‌లో చందా లేకుండానే ఆడుకోమని తలుపులు తెరిచారు. కొత్త ముఖాలు వచ్చాయి. ఆ తర్వాత కథలో నగరానికి పెద్దదిక్కయిన స్టేట్స్‌మన్ చనిపోయాడు. వీరులు అతని కోసం దుఃఖించారు. కొన్ని నెలల్లో ఊరంతటికీ అదే గతి పడుతుందని వాళ్లకేం తెలుసు!

2012 ఆగస్టు 31, శుక్రవారం. స్టూడియో మూసేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. 80 మంది దాకా ఉద్యోగాలు పోయాయి. సంస్థ తన దృష్టిని వేరేవైపు మళ్లిస్తోందన్నది చెప్పిన కారణం. ఆటకు మూడు నెలల గడువిచ్చారు.

నగరం ఊరుకోలేదు. ఆట ఆపొద్దన్న విన్నపం మీద 20 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. సెప్టెంబర్ 8న వీరులంతా కేప్‌లు కట్టుకుని, కాగడాలు పట్టుకుని అట్లాస్ పార్కుకు వచ్చారు. ఒక్క పార్కు చాలలేదు. దానికి ప్రతి మీద ప్రతి తెరుచుకున్నా జనం నిండిపోతూనే ఉన్నారు. ఎనిమిదేళ్లు ఊహాశత్రువులతో పోరాడి గెలిచినవాళ్లు మొదటిసారి నిజమైన ఆపద ఎదుట నిలబడ్డారు. ఏ అస్త్రమూ పనిచేయని ఆపద. నిప్పు విసరగలవాడు కంపెనీ నిర్ణయం మీద ఏం విసరగలడు? ఆ ఊళ్లో వాళ్లు కట్టుకున్న స్థావరాలు, దాచుకున్న పతకాలు, రాసుకున్న కథలు, పేర్లు, ఏవీ చట్టం లెక్కలో వాళ్లవి కావు. అద్దెకున్నవాళ్లు అద్దె తప్పకుండా కట్టారు. ఇల్లుగలవాడు ఖాళీ చేయమన్నాడు.

చివరి రాత్రి ఎందరో మళ్లీ విగ్రహం దగ్గరికే చేరారు. పసిఫిక్ తీరాన అర్ధరాత్రి, మనకు డిసెంబర్ 1 శనివారం మధ్యాహ్నం 1.30. వాళ్లు మాట్లాడుకుంటూ ఉండగానే మ్యాప్‌సర్వర్‌తో సంబంధం తెగిపోయిందని తెర మీద సందేశం పడింది. ఎన్నేళ్లుగానో అది మామూలు నెట్ ఇబ్బందికి వచ్చే సందేశం. ఐదు నిమిషాలాగి మళ్లీ లోపలికి వెళ్లేవారు. ఈసారి వెళ్లడానికి ఊరు లేదు.

మన వైపు పతనం ఇలా ఒక తేదీన పడలేదు. కొంచెం కొంచెంగా కమ్ముకుంది. 2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చింది. వచ్చిన ప్రతివాడి గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు రాసి ఏడాదిపాటు దాచాలి, క్యాబిన్ల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించకూడదు. చిన్న సెంటర్ నడుపుకునేవాళ్లకు అదొక బరువు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. బస్టాపు దగ్గర, టిఫిన్ బండ్ల దగ్గర నిలబడ్డ అమాయకులు చనిపోయారు. వాళ్లలో చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఆ శోకం ముందు ఏ ఆట గురించీ మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. సాయంత్రం పూట నలుగురు గుమిగూడాలంటే భయపడిన రోజులు ఈ పేటకు వచ్చాయని మాత్రం చెప్పాలి.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. ప్రతి హాస్టల్ మంచం మీదా నెట్ వచ్చింది. సందుల్లోని నెట్ సెంటర్లు ఒక్కొక్కటే జిరాక్స్ షాపులయ్యాయి, మీసేవ పనులు చేసిపెట్టే గదులయ్యాయి. ఫోన్లలో పబ్‌జీ నలుగురి జట్టును కొన్నాళ్లు కలిపింది. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉంది. అక్టోబర్ 30తో దేశంలో దాని సేవలూ ఆగిపోయాయి. దేశభద్రత పెద్ద విషయం, కాదనలేం. కానీ రోజూ రాత్రి ఒకరినొకరు పిలుచుకున్న నలుగురు ఆ మర్నాటి నుంచి ఎక్కడ కలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

అసలు గాయం నిషేధానికన్నా ముందే తగిలింది. ఎప్పుడైనా ఆడొచ్చని తెలిసిన రోజున, ఎప్పుడు ఆడదామన్న ప్రశ్న పోయింది. ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది, ఎవరి ఖాళీ వాళ్లది. జట్టులో మిగతా ముగ్గుర్నీ యంత్రమే వెతికి తెచ్చిపెడుతుంది. ఆట ముగిశాక వాళ్లెవరో తెలియదు. రానివాడి తలుపు కొట్టాల్సిన పని లేదు, అందుకే తలుపు కొట్టేవాడూ లేడు. నెట్ సెంటర్‌కు కట్టిన ఇరవై రూపాయలతో మనం కొనుక్కున్నది కంప్యూటర్ ముందు గంట మాత్రమే అనుకున్నాం. పదిమంది ఒకే గంటకు కట్టుబడి ఉండటం కూడా అందులోనే వచ్చేది.

పారగన్ సిటీ మళ్లీ లేచింది. 2013లో ప్రవాసులైన వీరులు ‘సిటీ ఆఫ్ టైటన్స్’ అనే కొత్త ఊరి కోసం 6 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 2019 ఏప్రిల్‌లో, పాత ఆటను కొందరు ఆరేళ్లుగా రహస్యంగా నడుపుకుంటున్నారని బయటపడింది. బయట ఉండిపోయినవాళ్ల కోపం కట్టలు తెంచుకుంది. ఆ తర్వాతే అందరికీ తలుపులు తెరిచిన సర్వర్లు వచ్చాయి. వాటిలో పెద్దదైన ‘హోమ్‌కమింగ్’కు 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ అధికారికంగా అనుమతి ఇచ్చింది. విరాళాలతో, ఉచితంగా నడుస్తోంది. అట్లాస్ భూగోళాన్ని మళ్లీ మోస్తున్నాడు.

ఊరిని తిరిగి కట్టగలిగారు. చెదిరిన ఎనిమిది మందిని ఎవరు కూర్చగలరు? 2004లో కాలేజీ కుర్రాడిగా ఉన్నవాడు 2019 నాటికి ఇద్దరు బిడ్డల తండ్రి. మంగళవారం రాత్రి ఖాళీ అనుకున్న బతుకు వాడికిప్పుడు లేదు. ఆటలోనే తప్ప బయట ఒకరి చిరునామా ఒకరు రాసుకోని జట్లు తెగిన రోజే తెగిపోయాయి. ఫోన్ నంబరో ఈమెయిలో ముందే పంచుకున్నవాళ్లు, ఊరు పోయాక కూడా తమ రోజును వేరే ఆటలోకి మోసుకుపోయారు. ఛాంపియన్స్ ఆన్‌లైన్‌లోనో, డీసీ యూనివర్స్ ఆన్‌లైన్‌లోనో కాందిశీకుల్లా తలదాచుకుని, అదే వేళకు కలిశారు.

కనుక ఇప్పుడు హాస్టల్ గదుల్లో ఫోన్లు పట్టుకుని కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాల్సిన మాట ఒక్కటే. మీ జట్టులో వేళ గుర్తుచేసేవాడు ఉంటే వాణ్ని నస అనుకోకండి. వాడు పిలిస్తే పలకండి, రాలేకపోతే ముందే చెప్పండి, ఒక్కోవారం వాడి పని మీరు అందుకోండి. ఆట ఎవరిదో, సర్వర్ ఎవరిదో, దాన్ని ఏ రోజు ఆపుతారో మీ చేతుల్లో లేదు. మీరు కలుసుకునే రోజు మాత్రం మీదే. దాన్ని కంపెనీకి, ఫోనుకి, పరీక్షలకు, ఎవరికీ వదిలిపెట్టకండి.