నిశాని వేసిన చేయి: నిరక్షరాస్యత, పేదరికం, దక్కను రైతుల చరిత్ర



పేదరికం వల్ల పిల్లలు బడికి దూరమవుతారన్న సంగతి మనకు తెలిసిందే. దీనికి రెండో వైపు కూడా ఉంది. చదువు రాకపోవడం వల్ల పేదవాడు ఇంకా పేదవాడవుతాడు. ఇది ఎలా జరుగుతుంది? సైన్సు పాఠాలు చెప్పే నాకు, కారణం పేరు చెప్పి ఊరుకుంటే తృప్తి ఉండదు. అది పనిచేసే తీరు కూడా చూడాలి. అందుకోసం ఈ పాఠంలో మనం సుమారు 150 ఏళ్ల వెనక్కి, మహారాష్ట్ర ప్రాంతపు పల్లెలకు వెళదాం.

1875 మే 12న పుణే జిల్లాలోని సూపా అనే గ్రామంలో చుట్టుపక్కల రైతులు గుమిగూడారు. షావుకార్ల దుకాణాల మీద పడ్డారు. రుణపత్రాలు, ఖాతా పుస్తకాలు ఇమ్మన్నారు. చేతికి దొరికిన వాటిని తగలబెట్టారు. ధాన్యం దుకాణాలు దోచుకున్నారు, కొన్నిచోట్ల ఇళ్లకు నిప్పు పెట్టారు. ఈ అలజడి అహ్మద్‌నగర్ జిల్లాకూ పాకి, 30కి పైగా గ్రామాలను తాకింది. చరిత్రలో దీన్ని దక్కను అల్లర్లు అంటారు.

ఆ రైతుల్లో చాలామందికి చదవడం రాదు. అయినా వాళ్లు ముందుగా వెతికింది కాగితాల కోసమే. ఎందుకు?

దీనికి ముందు జరిగిన కథ కొంత తెలుసుకోవాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరడం తగ్గిపోయి, మన దేశపు పత్తికి గిరాకీ పెరిగింది. దక్కనులో షావుకార్లు అడిగినవారికల్లా అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. అదే కాలంలో ప్రభుత్వం భూమి శిస్తును బాగా పెంచింది. రాబడి తగ్గి, కట్టవలసింది పెరగడంతో రైతు పాత బాకీ తీర్చలేకపోయాడు, కొత్త అప్పూ దొరకలేదు.

ఇప్పుడు కాగితం సంగతికి వద్దాం. 1859లో కాలపరిమితి చట్టం వచ్చింది. దాని ప్రకారం రుణపత్రం మూడేళ్లే చెల్లుతుంది. వడ్డీ ఏళ్ల తరబడి పేరుకుపోకుండా రైతును కాపాడడం దీని ఉద్దేశం. కానీ షావుకార్లు ఆ చట్టాన్నే తమకు అనుకూలంగా తిప్పుకున్నారు. మూడేళ్లు నిండేసరికి పత్రం తిరగరాయించేవారు. అసలునూ, పేరుకున్న వడ్డీనీ కలిపి కొత్త పత్రంలో అసలుగా చూపేవారు. రైతు నిశాని వేసేవాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణకు తీసుకున్న లెక్క మాత్రమే. అప్పు 100 రూపాయలు, వడ్డీ ఏడాదికి 25 శాతం అనుకోండి. పత్రం తిరగరాయకపోతే 12 ఏళ్లకు వడ్డీ 300, అసలు 100, మొత్తం 400 రూపాయలు. మూడేళ్లకోసారి తిరగరాస్తే? మూడేళ్లకు 175, ఆరేళ్లకు 306, తొమ్మిదేళ్లకు 536, 12 ఏళ్లకు సుమారు 938 రూపాయలు. రైతు కొత్తగా ఒక్క రూపాయి తీసుకోలేదు. వడ్డీ రేటూ మారలేదు. మారింది కాగితం మీది అంకె మాత్రమే.

రైతుల ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. బాకీ కట్టినా రసీదు ఇవ్వలేదన్నారు. పత్రాల్లో లేని మొత్తాలు రాశారన్నారు. పంటను తక్కువ ధరకు తీసుకున్నారన్నారు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ రైతులు తెలివితక్కువవారు కారు. వాన రాకను, మట్టి గుణాన్ని, విత్తనం బాగోగులను ఎరిగినవారు. నోటి లెక్కలు చేయగలిగినవారు. కానీ తగాదా వస్తే కోర్టు నోటిమాట కంటే కాగితాన్నే నమ్మేది. ఆ కాగితం రాసేదీ, దాచేదీ, చదివి చెప్పేదీ ఒక్కరే, అప్పిచ్చినవారు.

నిరక్షరాస్యత పేదరికాన్ని పెంచే దారి ఇదే. తన లెక్కను తాను సరిచూసుకోలేనివాడు ఎదుటివాడి నిజాయితీ మీద బతకాలి. అతని కోసం చేసిన చట్టం కూడా చదవగలిగినవాడి చేతిలో పనిముట్టవుతుంది.

ఈ అల్లర్ల తర్వాత 1879లో దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది. రైతుల రుణపత్రాలు గ్రామ రిజిస్ట్రారు పర్యవేక్షణలో రాయాలన్నది అందులో ఒక ఏర్పాటు. పత్రం వెనుక ఉన్న పాత లావాదేవీలను కోర్టు పరిశీలించే వీలు కూడా కల్పించారు. ఇది మేలే. అయినా రైతు తరఫున చదవడానికి మరొకరిని నియమించారు కానీ, రైతుకే చదువు నేర్పాలన్న ఆలోచన ఆ చట్టంలో లేదు.

ఆ ఆలోచన చేసినవారు పుణేలోనే ఉన్నారు. జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1848లోనే అక్కడ బాలికల కోసం బడి తెరిచారు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాఙ్మూలంలో ఫూలే ఒక సూటి వాదన చేశారు. ప్రభుత్వ రాబడి రైతుల శ్రమ నుంచి వస్తోంది, చదువు మీద ఖర్చు మాత్రం పైవర్గాలకు అందుతోంది అన్నారు. ప్రాథమిక విద్య అందరికీ కావాలని కోరారు. పుణేలో అధ్యాపకుడిగా పనిచేసిన గోపాలకృష్ణ గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య కోసం బిల్లు ప్రవేశపెట్టారు. 1912లో అది వీగిపోయింది. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు 18 శాతమే, స్త్రీలలో సుమారు 9 శాతం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2011 లెక్కల్లో అక్షరాస్యత 73 శాతానికి చేరింది, స్త్రీలలో సుమారు 65 శాతం.

చదువు వస్తే ఏమవుతుందో చూపే ఉదాహరణ మన తెలుగునేల మీదే ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో వయోజనుల అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి తరగతుల్లో కూలి మహిళలు సారా గురించిన పాఠం చదివారు. మగవారి కూలి డబ్బు సారాకొట్టుకు పోవడం వాళ్లకు కొత్త సంగతి కాదు. నలుగురూ ఒకచోట కూర్చుని దాన్ని చదవడం, చర్చించడం కొత్త. దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

అక్షరం ఒక్కటే పేదరికాన్ని తుడిచేస్తుందని చెప్పడం సరికాదు. దక్కను రైతుకు చదువు వచ్చినా పత్తి ధర పడేదే, శిస్తు పెరిగేదే. భూమి, కూలి, ధర, ఆరోగ్యం అన్నీ కలిస్తేనే బతుకు బాగుపడుతుంది. కానీ వీటిలో ఏది దక్కాలన్నా ఈ రోజుల్లో ఒక కాగితం అడ్డు వస్తుంది. పట్టాదారు పుస్తకం, బ్యాంకు ఖాతా, మందుల చీటీ, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక, ఇప్పుడు ఫోను తెర కూడా.

చివరగా మీకొక పని. మీ ఇంట్లోనో, వీధిలోనో చదవడం రాని పెద్దవారు ఒకరు ఉండవచ్చు. వారి దగ్గరున్న కాగితం ఒకటి అడిగి తీసుకోండి. అందులో ఏముందో నెమ్మదిగా చదివి వినిపించండి. తర్వాత వారి పేరు రాయడం నేర్పండి. కాగితంలో ఏముందో తెలిసినవారికి దాన్ని తగలబెట్టవలసిన అవసరం రాదు.