కారంచేటి హింస: నిమిత్తము, లక్ష్యము

ఒక సమూహమునకు చెందినవా రగుటచేతనే కొందఱిపై జరుగు హింసకు లక్షణము చెప్పుట సులభముగ దోచును. కాని అవ్యాప్తి, అతివ్యాప్తి యను రెండు దోషములును లేకుండ దానిని నిర్వచించుట యెంత దుష్కరమో యొక గ్రామచరిత్రము చూపగలదు.

1985 జూలై 16వ తేదీ సాయంకాలమున, నాటి ప్రకాశము జిల్లాలోని కారంచేటిలో, మాదిగలు నీరు ద్రావు చెఱువును మలినపఱచుటనుగూర్చి తగవు పుట్టెను. తనను కొట్టవచ్చిన కమ్మ యువకుని ఒక మాదిగ స్త్రీ బిందె నెత్తి యెదిరించెను. మఱునాటి యుదయమున కమ్మవారు గుంపులుగ మాదిగపల్లెపై బడిరి. ఆర్గురు హతులైరి, స్త్రీలు మానభంగమునకు గుఱియైరి, మిగిలినవారు చీరాలకు పాఱిపోయి యచట శిబిరము నేర్పఱచుకొనిరి.

దీనిని నీటితగ వనుట యసత్యము కాదు. కాని యది నిమిత్తము మాత్రమే. చెఱువుకడ తగవులాడినవారు కొలదిమంది. దెబ్బలు తిన్నది పల్లె యంతయు. ఆ తగవులో పాలుగొననివారినిగూడ పొలములలో తఱిమి కొట్టుటకు వారి వాడ తప్ప వేఱు గుర్తేమి కలదు? కావున కలహ మెట్లు పుట్టెనని గాక, హతు లెట్లు ఎన్నుకొనబడిరని చరిత్రకారు డడుగవలెను.

శాసనకర్తలకును ఈ చిక్కే యెదురయ్యెను. షెడ్యూల్డు కులములవారిపై, తెగలవారిపై అత్యాచారములను నిరోధించుటకు 1989లో పార్లమెంటు చేసిన చట్టమునందు, పదేండ్లు గాని అంతకు మించి గాని ఖైదునకు దగిన నేరము, బాధితు డా కులములవా డను 'కారణముచేత' జరిగినచో యావజ్జీవశిక్ష విధింపబడెను. పాతకక్షయో, గట్టుతగవో చూపి, కులము కారణము కాదని ప్రతివాది తప్పించుకొనవచ్చును. ఇది స్పష్టమైన అవ్యాప్తి. 2021లో ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, కులము పలు కారణములలో నొకటియైనను చాలునని సుప్రీముకోర్టు చెప్పెను. అయినను పాతమాటకు దగిన సాక్ష్యము లేదని యా సెక్షనుక్రింది శిక్షను కొట్టివేసెను.

2015 సవరణము 'కారణముచేత' అను మాటను దీసి, ఆ కులమువాడని 'యెఱిగి' చేసిన నేరమని మార్చెను. ఇది 2016 జనవరి 26 నుండి యమలునకు వచ్చెను. ఒకే యూరివారి స్వంతకక్షగూడ నిందు జేరునని, అనగా అతివ్యాప్తి యని, శంకింపవచ్చును. నిజమే. కాని మనస్సులోని హేతువును ఋజువుచేయుమని బాధితుని గోరుటకంటె నీ దోషము సహింపదగిన దని నా యభిప్రాయము.

కారంచేటివారికి మాత్రము ఈ రెండు మాటలలో నేదియు అన్వయింపలేదు. ఆ చట్టము పుట్టునప్పటికి నాలుగేండ్లు గడచెను. ఆ వ్యాజ్యమున 2008లో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు సాధారణ శిక్షాస్మృతి ననుసరించి వచ్చినది.