దక్కన్ రేడియో నుంచి యాదగిరి దాకా

కొండాపూర్ అపార్టుమెంట్లలో ఒక ఇంట్లో కరీంనగర్ వాళ్లుంటే పక్కింట్లో గుంటూరు వాళ్లుంటారు. ఇద్దరి టీవీల్లోనూ దూరదర్శన్ యాదగిరీ వస్తుంది, సప్తగిరీ వస్తుంది. రాష్ట్రం రెండయినప్పుడు దూరదర్శన్ కూడా రెండయిందని అందరికీ తెలుసు. పంచింది ఎవరు, పంచింది ఏమిటి అని అడిగితే మాత్రం కథ నిజాం కాలం దాకా వెనక్కి పోతుంది.

హైదరాబాద్‌లో రేడియోను తెచ్చింది సర్కారు కాదు, తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ. 1933లో చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టాడు. అది నడుస్తుందని తేలాక నిజాం ప్రభుత్వం ఊరుకుంటుందా? 1935 ఫిబ్రవరి 3 నుంచి అది సర్కారీ దక్కన్ రేడియో అయిపోయింది. ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు ఆ తర్వాత. ఔరంగాబాద్‌లో ఇంకో కేంద్రం వెలిసింది.

అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చేసిన భారత ప్రభుత్వ చట్టంలో 129వ సెక్షన్ ఒకటుంది. రాష్ట్రాలు గానీ, సమాఖ్యలో చేరిన సంస్థానాధీశులు గానీ సొంత ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటామంటే కేంద్రం అకారణంగా కాదనకూడదు. అంతేకాదు, వాళ్లు ఏం ప్రసారం చేయాలన్న దాని మీద షరతులు పెట్టకూడదు. సంస్థానాలు ఆ సమాఖ్యలో చేరనే లేదు, అది వేరే సంగతి. కానీ ఇంత ఉదారమైన నిబంధన మన చట్టాల్లో మళ్లీ కనిపించలేదు.

1947లో ఆలిండియా రేడియోకు ఉన్నవి తొమ్మిది కేంద్రాలు. లాహోర్, పెషావర్, ఢాకా పాకిస్తాన్‌కు పోయాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో మనకు మిగిలాయి. దక్కన్ రేడియో ఈ లెక్కలో లేదు. ఆంగ్లేయులు వెళ్లిపోగానే తాను స్వతంత్రుణ్ణవుతానని నిజాం ఆ జూన్‌లోనే ఫర్మానా ఇచ్చేశాడు. కొత్త దేశానికి కావాల్సిన సరంజామా అంతా ఉంది: సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా, సొంత రేడియో. లేనిదల్లా ఆ రేడియోలో తమ మాట వినపడే జనం. వినేవాళ్లలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడ వాళ్లు. మైకు మాత్రం దర్బారుదీ, రజాకార్ల నేత ఖాసిం రజ్వీదీ. దేశం స్వతంత్రమైనంత మాత్రాన రేడియో ప్రజలది కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

1948 సెప్టెంబర్ 17న భారత సైన్యానికి లొంగుబాటు ప్రకటించడానికి ఆ మైకు ముందుకే నిజాం రావాల్సి వచ్చింది. అంతకుముందు ఆయన రేడియోలో మాట్లాడి ఎరగడని భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ రాసుకున్నాడు. ఏడో నిజాం తొలి రేడియో ప్రసంగం అదన్నమాట.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో కేంద్రం చేతికి వచ్చి ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. అంతకు రెండు నెలల ముందు అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ప్రసారాలను కేంద్ర జాబితాలో 31వ అంశంగా రాసేసింది. నిజాంకు ఉన్న వెసులుబాటు ఎన్నికైన ముఖ్యమంత్రికి లేకుండా పోయింది. రజ్వీ ప్రసంగాలు విన్న తరం అలా రాసుకోవడంలో వింత లేదు గానీ, పగ్గాలు దర్బారు నుంచి ఢిల్లీకి మారాయే తప్ప శ్రోతల దాకా రాలేదు. స్వయంప్రతిపత్తి ఇస్తామన్న ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి, 1997 దాకా అమలుకే నోచుకోలేదు.

అందుకే 2014లో తెలంగాణ వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలూ కూర్చుని పంచుకోవడానికి ఏమీ లేకపోయింది. ఆస్తి ఇద్దరిదీ కాదు. హైదరాబాద్ సప్తగిరి పేరు మార్చుకుని యాదగిరి అయింది, సెప్టెంబర్‌లో విజయవాడ నుంచి కొత్త సప్తగిరి మొదలైంది. యాస మారింది, జిల్లాల వార్తలు వేరయ్యాయి. అవీ చిన్న విషయాలేం కావు, తెలంగాణ మాట సర్కారీ తెరమీద ఎన్నాళ్లు ఎదురుచూసిందో ఇక్కడి వాళ్లకు తెలుసు. నిర్ణయాలు మాత్రం దూరదర్శన్ ప్రధాన కార్యాలయమున్న ఢిల్లీ మండీ హౌస్‌లోనే ఆగాయి.

సరిగ్గా అదే నెలలో స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై ఓటు వేసింది. గెలిస్తే బీబీసీ స్కాట్లాండ్ సిబ్బంది, ఆస్తుల పునాది మీద సొంత ప్రసార సంస్థ పెడతామని అక్కడి ప్రభుత్వం ముందే పుస్తకంగా అచ్చువేసి చెప్పింది. ఓటు వీగిపోయింది. వాళ్లు అంత ధీమాగా లెక్కలు వేయగలిగింది ఎందుకంటే అక్కడ ఇంటింటా లైసెన్సు రుసుము కడతారు, అందులో తమ వాటా అడగొచ్చు. మన రేడియో, టీవీ లైసెన్సులు 1985లోనే రద్దయ్యాయి. ప్రసార భారతి సిబ్బంది జీతాలు కేంద్ర ఖజానా నుంచి వస్తాయి.

2022 అక్టోబర్‌లో కేంద్ర సమాచార శాఖ ఇంకో మాట చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వాలు నేరుగా ప్రసారాలు నడపరాదు, ఇప్పటికే నడుపుతుంటే 2023 చివరికల్లా ప్రసార భారతి ద్వారానే సాగించాలి. ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే మన టీ-శాట్ లాంటివి కూడా ఆ మాట పరిధిలోకే వస్తాయి.